అమ్మ అలిగిన బండ

హాస్టల్ ఆఫీసు గది,
సోమవారం ఉదయం

చిన్నా,

ఇక్కడ నేను క్షేమం అని రాయాలంటే చెయ్యి రావడం లేదు. నువ్వు క్షేమమా అని అడగడానికి మనసు రావడం లేదు. ఆ రెండు ముక్కలూ రాసేశాననే అనుకో.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న మనిద్దరం ఫోన్‌లో అరుచుకున్న అరుపులకి హాస్టల్ పిల్లలు వరండాలోంచి తొంగిచూశారు. వార్డెను అరవడం వాళ్ళకి కొత్త కాదు, అరుస్తూ ఏడవడం కొత్త. కాగితం మీదైతే అరవలేం కదా.

నాన్న పోయి నెల కావస్తోంది. ఇక్కడ పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట. అదృష్టవంతుడమ్మా, ఏ జబ్బూ లేకుండా, మంచం పట్టకుండా, పొద్దున్నే కొండకి బయల్దేరుతూ బూట్లు కట్టుకుంటూ పోయాడు అని. నేనూ తలూపుతున్నాను. నిజమే కదరా. ఆయాసమంటే ఎరగని మనిషి. పనిచేసినన్నాళ్ళూ సినిమాహాల్లో ఆ చీకటి కేబిన్‌లో రీళ్ళు తిప్పి, సెలవు రోజు రాగానే జైలు నుంచి విడుదలైనట్టు కొండకి పరిగెత్తేవాడు. హాలు మూసేసి ఇంటికి పంపేస్తే తోటివాళ్ళు దిగులుపడ్డారు. మన ఆపరేటరుగారు మాత్రం ఇక రోజూ కొండే అని స్వీట్లు పంచాడు.

ఇప్పుడు బెంచీ సంగతి. ఫోటోలూ దండలూ వద్దు, మీ అమ్మ అలిగిన బండ దగ్గర ఒక బెంచీ వేయించండి చాలు అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో నీకూ తెలుసు. ఆయన మనని అడిగింది అదొక్కటే. ఆ బండ పైన, శిఖరానికి కొంచెం ఇవతల, పల్లెంలా ఉంటుందే, అది. అక్కడ కూర్చుంటే కింద హాలు రేకుల కప్పు కనపడేది. "మర్యాదగా కాసేపు కూర్చోవే పెద్దదానా, మీ అమ్మ అలిగిన చోటు ఇది. పట్టించుకోకుండా పోయామని తెలిస్తే ఇంటికెళ్ళాక అన్నం పెట్టదు" అనేవాడు నాన్న. పెళ్ళైన కొత్తలో సినిమాకి తీసుకెళ్తానని అమ్మని కొండకి తీసుకొచ్చాడట. ఆ బండ మీద కూలబడి కదలనందట. ఎన్నిసార్లు విన్నా నవ్వొచ్చేది.

వడ్రంగితో మాట్లాడి బెంచీ అక్కడికి చేర్పించు. నువ్వు ఫోన్‌లో చెప్పిన చోటు కాదు.

అమ్మ తింటోందా? ఆ మాటకి మాత్రం నిజం రాయి.

నీ అక్క


షాపు,
మధ్యాహ్నం, కరెంటు లేదు కాబట్టి తీరిక

వార్డెనుగారికి నమస్కారం,

అమ్మ తింటోంది. నిజం రాయమన్నావు కనక, ఎదురుగా కూర్చుంటే తింటోంది, లేచి వెళ్తే గిన్నె మూత పెట్టేస్తోంది. అందుకని నేనూ నీ మరదలూ వంతులవారీగా ఎదురుగా కూర్చుంటున్నాం.

నాన్న బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఎడమకాలిది ముడి పడింది, కుడిది పడలేదు. ఆ రోజు కాలి నుంచి ఎడమ బూటు ముడి విప్పకుండానే లాగాను. ఎందుకో విప్పబుద్ధి కాలేదు. ఇప్పుడు అమ్మ విప్పనివ్వడం లేదు. గుమ్మం ఊడ్చేటప్పుడు రెంటినీ ఎత్తి పక్కన పెట్టి, ఊడ్చాక మళ్ళీ అక్కడే పెడుతోంది.

బెంచీ తయారైపోయింది. మంచి కర్ర, నేనే వార్నిష్ పట్టించాను. మోటార్లు చుట్టేవాడి చేతికి వార్నిష్ కొత్త కాదులే. ఫారెస్టు గార్డు పెద్దాయన నాన్న పేరు చెప్పగానే కళ్ళు తుడుచుకున్నాడు. దారిలో ఒకే ఒక్క బెంచీకి అనుమతి, ఒకసారి పాతాక కదపకూడదు అన్నాడు. కాబట్టి చోటు తప్పితే తప్పినట్టే.

అక్కా, చోటు తప్పుతున్నది నువ్వు. బండ పైన కాదు. దారి సగంలో వాన నీళ్ళకి తూము కట్టారే, దాని పక్కన నల్లగా, వీపు ఆనించుకోడానికి వీలుగా ఉంటుంది. నేను స్కూల్లో ఉన్నప్పటి నుంచి ప్రతి సెలవు రోజూ నాన్నతో అక్కడ కూర్చున్నాను. అదే మాట, అదే సినిమా కథ, అదే అన్నం పెట్టదన్న బెదిరింపు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళి చాలా కాలమైంది, నీకు గుర్తు తప్పింది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

అమ్మని అడిగాను. "మీ ఇష్టం రా" అంది. ఏ బండమ్మా అని మళ్ళీ అడిగితే పప్పు మాడుతోందని లోపలికి పోయింది. పొయ్యి మీద పప్పు లేదు.

నీ తమ్ముడు


హాస్టల్,
పిల్లలు బడికి వెళ్ళాక

చిన్నా,

గుర్తు తప్పిందా నాకు? నువ్వు ఉగ్గుపాలు తాగుతున్నప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆ కొండ ఎక్కాను. క్యారేజీ పట్టుకుని కేబిన్‌కి వెళ్ళింది నేను. మిషన్ వేడికి చొక్కా తడిసిపోయి ఉండేవాడు. రీలు అయిపోయేముందు తెర మూల మీద చుక్క పడుతుంది, ఆ చుక్క కోసం కన్నార్పకుండా చూస్తూ ఒక చేత్తో అన్నం తినేవాడు. బయటికొచ్చాక వెలుతురుకి కళ్ళు చిట్లించి, "కొండ ఉంది కాబట్టి బతికున్నానే" అన్నది నాతోనే. అప్పటికి నీకు మాటలు కూడా రాలేదు.

నువ్వు సగం దారి అంటున్నావంటే నాకు అర్థమవుతోంది. బెంచీ పైదాకా మోయడానికి ఒళ్ళు వంగడం లేదు. ఆ సంగతి తిన్నగా చెప్పు, నాన్న మీద పెట్టకు. ఆయన సగంలో కూర్చునే మనిషా? నేను రొప్పుతూ వెనకబడితే పైనుంచి ఈల వేసేవాడు. నీ తూము పక్కన వీపు ఆనించుకుని కూర్చునేవాడు ఎవరో ముసలాయన. మా నాన్న కాదు.

పైన వేస్తే వస్తాను. లేకపోతే ఆ బెంచీ మీద నువ్వే కూర్చో.

అక్క


షాపు

అక్కా,

"మా నాన్న" అన్నావు. సరే.

బెంచీ షాపులో గోడవారగా పెట్టాను. వచ్చినవాళ్ళు దాని మీద కాలిపోయిన మోటార్లు పెడుతున్నారు. వద్దని చెప్పే ఓపిక లేదు.

నువ్వు వెళ్ళాక ఆయన ఎలా ఉన్నాడో నీకు తెలియదు. పండక్కో పబ్బానికో వచ్చి రెండు రోజులుండి పోయేదానివి. ఆ రెండు రోజులూ ఆయన కొత్త పెళ్ళికొడుకులా చొక్కా ఇస్త్రీ చేయించుకుని తిరిగేవాడు. మిగతా రోజులు నేను చూశాను. ఇంతకంటే రాస్తే నోరు జారుతుంది.

మరో కబురు. నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం. మన గొడవ వింటున్న నీ మరదలు నిన్న వంటింట్లోంచి వచ్చి, "అదేమిటండీ, అత్తయ్య అలిగిన బండ గేటు దగ్గర కదా" అంది. కొండ మొదట్లో గేటు దాటగానే కుళాయి ఉందే, దాని పక్కన. పోయిన ఏడాది తనని నడకకి తీసుకెళ్ళినప్పుడల్లా మామయ్య అక్కడే కూర్చోబెట్టేవాడట. అది బండ కూడా కాదు, గేటు కట్టగా మిగిలిన సిమెంటు దిమ్మ. పెళ్ళై ఏడాదిన్నర కాలేదు, నాకు నాన్న గురించి చెప్తోంది. నేను గట్టిగా నవ్వాను. అమ్మ అక్కడే కూర చిక్కుళ్ళు ఒలుస్తోంది. నవ్వలేదు. ఒలిచిన గింజలు తొక్కల్లోనూ తొక్కలు గిన్నెలోనూ వేస్తూ కూర్చుంది.

తమ్ముడు


హాస్టల్ ఆఫీసు గది,
ఆదివారం

ఒరేయ్ చిన్నా,

నీ ఉత్తరం చదివి మొదట నేనూ నవ్వాను. మూడో బండ కూడా వచ్చింది, ఇంకో కోడలుంటే మన గుమ్మంలోనే తేలేది అనుకున్నాను. తర్వాత బట్టలు మడతపెడుతూ ఆ మాటే మళ్ళీ తలచుకుని, బట్టలు అలాగే వదిలేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను వెళ్ళినప్పటి బండ కొండ పైన. నువ్వు వెళ్ళినప్పటిది సగంలో. మరదలు వెళ్ళినప్పటిది గేటు దగ్గర. ముగ్గురికీ ఒకే కథ చెప్పాడు. నేను అబద్ధమాడటం లేదు, నువ్వూ ఆడటం లేదు, ఆ పిల్లకి అసలే అవసరం లేదు. బండలు నడవవు కదరా.

మరదల్ని ఒక మాట అడుగు. అక్కడ కూర్చున్నప్పుడు ఆయన మాట్లాడేవాడా, లేదా? ఎందుకంటే నాకొకటి గుర్తొస్తోంది. పైకి చేరగానే, "పెద్దదానా, అటు చివరికెళ్ళి హాలు కప్పు మీద ఎన్ని కాకులున్నాయో చూసిరా" అనేవాడు. అంత దూరం నుంచి కాకులు కనపడవు. కాలేజీకి వెళ్ళే పిల్లని, ఆ సంగతి నాకు తెలుసు. సరదాకి అంటున్నాడని వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి చొక్కా పైగుండీలు విప్పుకుని నవ్వుతూ ఉండేవాడు.

అమ్మని అడుగు. నువ్వే అడగాలి. నాకు ధైర్యం లేదు. సగంలో కూర్చునే మనిషా అని నేను రాసిన ముక్క చింపెయ్యి.

నీ అక్క


ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర

అక్కా,

షాపు మూసి రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ మరదల్ని అడిగాను. మాట్లాడేవాడు కాదట. కథ మొదలుపెట్టి, "మీ అత్తయ్య ఉందే" అని ఆపి, చెయ్యి అడ్డంపెట్టి కాసేపాగు అనేవాడట. నవ్వొచ్చి ఆపుకుంటున్నాడని తను అనుకునేదట.

తర్వాత అమ్మ దగ్గరికి వెళ్ళాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మూడు బండల సంగతీ చెప్పి, నిజంగా ఏ బండ మీద అలిగావమ్మా అని అడిగాను. చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని నిలబడింది. నేను ఒక కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పిండాం. అప్పుడు చెప్పింది.

"నేనెప్పుడు అలిగానురా? ఆయనకి ఆయాసం వచ్చిన చోటల్లా నేను అలిగాను."

గుండె జబ్బు అక్కా. నువ్వు కాలేజీలో చేరినప్పటి నుంచీ ఉంది. కేబిన్‌లో ఒకరోజు రీలు మారుస్తూ కళ్ళు తిరిగితే హాలు మేనేజరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడట. మెట్లు తగ్గించు, కొండ మానెయ్ అన్నాడట డాక్టరు. నాన్న మందులన్నీ తీసుకున్నాడు, ఆ ఒక్క మాట తప్ప. పిల్లలకి తెలిస్తే కొండ మాన్పిస్తారు, కొండ మానేస్తే నాకు ఆ చీకటి గదొక్కటే మిగులుతుంది అని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. మొదటిసారి నీ ముందు ఊపిరందక కూలబడినప్పుడు, ఏం చెప్పాలో తెలియక నోటికొచ్చింది చెప్పాడట. ఇంటికొచ్చి, "ఇవాళ నువ్వు కొండ మీద అలిగావే, గుర్తుపెట్టుకో" అన్నాడట అమ్మతో. ఆ రోజు ఇద్దరూ నవ్వుకున్నారట. తర్వాత ఎప్పుడైనా ఆయన నడక నుంచి వచ్చాక అమ్మ నెమ్మదిగా, ఇవాళ ఎక్కడ అలిగాను అని అడిగేదట. ఆయన చోటు చెప్పేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకొంచెం కింద. పోయిన ఏడాది నుంచీ గేటు దగ్గరే అనేవాడట. చివరి రోజు బూట్లు కట్టుకుంటుంటే, ఇవాళ గేటు దాకా కూడా వద్దండీ అందట. ఇంకొంచెం గట్టిగా అనుంటే ఆపగలిగేదాన్నా అని నన్ను అడిగింది. 

ఇంకొకటి ఉంది. అమ్మ ఆ కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదు. మనమేమో నడకంటే ఇష్టం లేదనుకున్నాం. నువ్వెందుకు రాలేదమ్మా, నీకెప్పుడూ రావాలనిపించలేదా అన్నాను.

"అనిపించకేం. వస్తే మీరు, ఏ బండమ్మా చూపించు అని అడుగుతారు కదా. ఏది చూపించను?"

కథ నిలబడాలని ఆవిడ ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుంది. మనం బయల్దేరేటప్పుడు గుమ్మంలో నుంచుని చెయ్యి ఊపేది గుర్తుందా? ఆయన ఎక్కడ కూలబడతాడో అనుకుంటూ ఊపేది.

చివర్న దుప్పటి తీగ మీద వేస్తూ అంది. "అప్పుడంతా ఆయన మాట కోసం అలిగాను. నిజంగా అలగాలంటే ఇప్పుడు అలగాలిరా. నాతో ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపోయాడు."

నేను దుప్పటి అవతల ఉన్నాను. ఇవతలికి రాలేకపోయాను.

చిన్నా


హాస్టల్

నా తండ్రీ, చిన్నా,

వారం నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపుతున్నాను.

చిన్నప్పుడు అసలు ఆ బండ లేదురా. ఇప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నతనంలో నాన్న ఎక్కడా ఆగేవాడు కాదు. కాలేజీలో చేరిన ఏడాది ఒకరోజు ఉన్నట్టుండి ఆ బండ పుట్టింది. ఇన్నాళ్ళూ ఇది ఎందుకు చెప్పలేదు నాన్నా అని అడిగాను కూడా. "నువ్వు పెద్దదానివయ్యాక చెప్దామని" అన్నాడు. నన్ను పెద్దదాన్ని అనుకున్నాడని ఆ రోజంతా గర్వపడ్డాను.

కాకులు లెక్కపెట్టి వచ్చేదాన్ని. వెళ్ళినదాన్ని ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఏ జబ్బూ లేకుండా పోయాడని ఇంకా అంటూనే ఉన్నారు. నేను తలూపడం మానేశాను.

బెంచీ పైన వేయొద్దు. నా బండ మీద హక్కు వదులుకున్నాను. ఆయన బెంచీ ఎందుకు అడిగాడో ఇప్పటికి తెలిసింది. ఊపిరందనివాళ్ళు కూర్చోడానికి ఇకమీదట ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. అంతే కదా? ఎక్కడ వేయాలో అమ్మనే చెప్పమను. తీసుకెళ్ళి చూపించు. ఇప్పుడు అడ్డమేముంది?

వానలొస్తే దారి మూసేస్తారు, నా కోసం ఆగొద్దు. ఇక్కడ పరీక్షలు, ఈ పిల్లల్ని వదిలి కదల్లేను. అమ్మ పక్కన మరదల్ని నడవమను. అమ్మ ఆగితే ఎందుకాగావని అడగొద్దని చెప్పు.

అక్క


ఇంట్లో,
కొండ నుంచి వచ్చాక

అక్కా,

వేసేశాం. అన్నీ వరసగా చెప్తాను.

పొద్దున్నే అమ్మ తయారై గుమ్మంలో నిలబడింది. నాన్న బూట్ల వైపు చూసి, తన చెప్పులే వేసుకుంది. నీ మరదలు పక్కన నడిచింది. నేనూ వడ్రంగీ వెనకాల బెంచీ మోసుకుంటూ. ఎక్కడ వేయాలండీ అని వడ్రంగి అడిగాడు. మా అమ్మ ఎక్కడ ఆగితే అక్కడ అన్నాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు పాపం.

గేటు దగ్గర సిమెంటు దిమ్మని అమ్మ చేత్తో తడిమింది. "ఇది నీదన్నమాట" అంది నీ మరదలితో. కూర్చోలేదు. అక్కడి నుంచి మెల్లగా ఎక్కింది. ఆవిడకి ఆ దారి కొత్తలా లేదు. తూము దగ్గరికి రాకముందే, ఇక్కడ తూముండాలే అంది. నా బండని చూసి, వీపు బాగా ఆనుతుందిరా అంది. కూర్చోలేదు. నీ బండ దాకా వెళ్తుందేమో, బెంచీ ఎలా మోస్తాంరా దేవుడా అని నేను లోపల అనుకుంటున్నాను. నువ్వు తిట్టిన తిట్టు ఊరికే పోలేదు.

తూము దాటి రెండు మలుపులు తిరిగాక ఆగింది. అక్కడ బండ లేదు, ఏమీ లేదు. దారి పక్కన ఎర్రమట్టి గట్టు. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆయాసం. నువ్వు చెప్పినట్టు ఎవరం ఏమీ అడగలేదు. కాసేపటికి తనే అంది.

"ఇక్కడ. ఇక్కడ నేను అలిగాను."

గట్టు మీద కూర్చుంది. మేం గుంటలు తవ్వాం. కింద ఊరు కనపడేలా బెంచీ వేస్తానన్నాడు వడ్రంగి, అక్కడి నుంచి బాగుంటుంది కూడా. అమ్మ ఒప్పుకోలేదు. పైకి వెళ్ళినవాళ్ళు దిగొచ్చే దారి కనపడాలంది. వడ్రంగి నా వైపు చూశాడు. నేను తలూపాను. కొండకి ఎదురుగా, ఊరికి వీపు పెట్టి వేశాడు.

మట్టి కూరాక అమ్మ దాని మీద కూర్చుంది, ఒక చివరన. పక్కన చోటు వదిలింది. అప్పుడు చెప్పింది, పెళ్ళైన కొత్తలో నిజంగా సినిమాకి వెళ్ళేదట, ఒక్కతే. నాన్న పైన కేబిన్‌లో ఉండేవాడు కదా. హాల్లో అందరూ తెర వైపు చూస్తుంటే తను మాటిమాటికీ వెనక్కి తిరిగి, వెలుతురొచ్చే ఆ చిన్న కిటికీ వైపు చూసేదట. ఒక్కోసారి నాన్న కిటికీకి చెయ్యి అడ్డంపెట్టి తీసేవాడట. తెర మీద ఒక్క క్షణం చీకటి. హాలంతా గోల చేసేది. అది తనని పలకరించడమని తనొక్కదానికే తెలుసట. నీ మరదలు ఏడ్చింది. నేను పలుగు కడిగే మిషతో అవతలికి వెళ్ళాను.

తిరిగొచ్చాక, మీరు పైదాకా వెళ్ళి పెద్దదాని బండ చూసిరండి అని మమ్మల్ని పంపింది. వెళ్ళాం. పల్లెంలానే ఉంది అక్కా, నువ్వు చెప్పినట్టే. హాలు పడగొట్టేశారు కదా, కప్పు లేదు. కాకులు చూశానని చెప్పను.

దిగొస్తుంటే మలుపు తిరగ్గానే అమ్మ కనపడింది. దారి వైపే చూస్తోంది. మా అడుగుల చప్పుడు వినపడగానే చప్పున లేచి నిలబడింది. మమ్మల్ని చూసి మళ్ళీ కూర్చుంది.

ఇంటికి వెళ్దామమ్మా అన్నాను. రానంది. వాన పడేలా ఉందమ్మా అన్నాను. పడనీ అంది. కోపంగా లేదు, ఏడుపు కూడా లేదు. మొహం అటు తిప్పుకుని కూర్చుంది, చిన్నపిల్లలా. అలిగినవాళ్ళని బతిమాలడం నాకెప్పుడూ రాలేదు, అది ఆయన పని. అందుకని నేనూ నీ మరదలూ ఆ గట్టు మీద కూర్చున్నాం. ఆవిడ పక్కనున్న చోట మాత్రం ఎవరం కూర్చోలేదు.

నీ తమ్ముడు